పల్లెల మీద పరచుకున్న పట్నం: నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడల పూర్వరూపం

హుస్సేన్‌సాగర్ కట్టకు తూర్పున, మూసీ నదికి ఉత్తరాన, నీటి వాలు వెంట దిగే నేల మీద నేడు నల్లకుంట, చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ అనే పేర్లతో ఇళ్లూ దుకాణాలూ కిక్కిరిసిన వాడలున్నాయి. ఇవి మొదటి నుంచీ నగరంలో భాగాలు కావు. చెరువు నీటి మీద, వాన మీద, తోటల మీద ఆధారపడి బతికిన చిన్న ఊళ్లుగానో, ఆ ఊళ్ల పొలాలుగానో ఉండి, పంతొమ్మిదో శతాబ్దపు చివరి నుంచి ఇరవయ్యో శతాబ్దపు మధ్య వరకు సాగిన విస్తరణలో ఇవి హైదరాబాదులో కలిసిపోయాయి. గోల్కొండ కోట గురించి, చార్మినార్ చుట్టుపక్కల కట్టడాల గురించి వెలువడిన రచనలతో పోలిస్తే ఈ ఊళ్ల గురించి రాసింది చాలా తక్కువ. ఎందుకంటే ఇక్కడ రాజులు పేరుకోసం కట్టించిన భవనాలు తక్కువ, శాసనాలు అంతకన్నా తక్కువ. అటువంటి చోట చరిత్రకు ఆధారాలుగా నిలిచేవి నేల వాలు, నీరు పారే దారి, మనుషులు నడిచిన బాట, ఊరి దేవత గుడి, ఊరి పేరు. వీటిని గ్రహించడానికి కాలినడకకు మించిన సాధనం లేదు గనుక, ఇంగ్లండులో పాత గ్రామాలను, పొలాల నడుమ బాటలను నడిచి తెలుసుకునే సంప్రదాయానికి ఎంత విలువ ఉందో, నగరం కడుపులో మిగిలిన ఈ పల్లెలను నడిచి తెలుసుకోవడానికీ అంత విలువ ఉంది.

నేల, పేరు

ఈ ప్రాంతపు పేర్లను వరుసగా పరిశీలిస్తే నివాసాల క్రమం కొంతవరకు తెలుస్తుంది. కుంట అంటే చెరువు కన్నా చిన్నదై, వాలుగా దిగే వాన నీటిని మట్టికట్టతో ఆపగా ఏర్పడిన జలాశయం. దాని కింద కొద్దిపాటి మాగాణి సాగవుతుంది, వేసవి దాకా పశువులకు నీరుంటుంది, చుట్టుపక్కల బావులు ఊరుతాయి. పల్లి అంటే స్వంత పొలిమేర కలిగిన ఊరు కాగా, గూడ అంటే పెద్ద ఊరికి వెలుపల, ఒక వృత్తివారో ఒక కులంవారో కొద్ది కుటుంబాలుగా కూడి ఉన్న నివాసం. నల్లకుంట, బొగ్గులకుంట, బతుకమ్మకుంట, చిక్కడపల్లి, లింగంపల్లి, నారాయణగూడ, దోమలగూడ, కవాడిగూడ, కాచిగూడ అనే పేర్లు మూడు నాలుగు మైళ్ల లోపలే పక్కపక్కన ఉండటాన్ని బట్టి, ఈ నేల చిన్న జలాశయాలను ఆశ్రయించిన ఊళ్లతో, వాటి అనుబంధ గూడాలతో నిండి ఉండేదని అర్థమవుతుంది.

ఈ తెలుగు పేర్ల మీద తరువాతి కాలం మరికొన్ని పొరలు చేర్చింది. బాగ్ అనేది తోటకు పారసీ మాట. బాగ్ లింగంపల్లి, బాగ్ అంబర్‌పేట వంటి పేర్లలో ఊరి పేరుకు ముందు తోట వచ్చి చేరడం, నగరపు ప్రభువర్గం ఊరి బయట తోటలు వేయించుకున్న కాలానికి గుర్తు. రెండో అసఫ్ జా నిజాం అలీఖాన్ దగ్గర దివానుగా, అంటే ప్రధానమంత్రిగా పనిచేసి 1804లో మరణించిన అరస్తూ జాకు ముషీర్-ఉల్-ముల్క్ అనే బిరుదు ఉండేది. ముషీరాబాద్ అనే పేరు ఆ బిరుదు నుంచి వచ్చింది. హిమాయత్‌నగర్, ఆజమాబాద్ అనే పేర్లు ఏడో నిజాం పెద్ద కుమారుడు ఆజం జా హిమాయత్ అలీఖాన్‌వి. అశోక్‌నగర్, గాంధీనగర్ వంటివి స్వతంత్ర భారతపు ఆదర్శాలను తలపించే పేర్లు. కుంట, పల్లి, గూడ మొదటి పొర, బాగ్ రెండోది, ఆబాద్ మూడోది, నగర్ నాలుగోది. ఒక పూట నడకలో ఈ నాలుగు పొరలనూ దాటవచ్చు.

నీటి దారి

ఈ పల్లెల పుట్టుకకు, వాటి అమరికకు మూలం హుస్సేన్‌సాగర్. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలనలో, 1562 ప్రాంతంలో, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో ఈ చెరువు నిర్మాణం జరిగింది. మూసీ నుంచి కాలువ తవ్వి దీనికి నీరు తెచ్చారు. హైదరాబాదు నగరం 1591లో వెలసింది కనుక, చెరువు నగరం కన్నా దాదాపు మూడు దశాబ్దాలు పెద్దది. చెరువుకు తూర్పున ఎత్తైన కట్ట, ఆ కట్టకు దిగువన పల్లపు నేల, చెరువు నిండినప్పుడు మిగులు నీరు పొర్లిపోయే అలుగు, ఆ నీటిని మూసీ దాకా తీసుకుపోయే వాగు అనేవి ఈ ప్రాంతపు భూస్వరూపంలో ముఖ్యమైన అంగాలు. నేడు హుస్సేన్‌సాగర్ నాలా అని పిలిచే ఆ వాగు కట్ట దిగువ నుంచి బయలుదేరి కవాడిగూడ, దోమలగూడ, గాంధీనగర్, అశోక్‌నగర్ పరిసరాల మీదుగా బాగ్ లింగంపల్లికి, అక్కడి నుంచి నల్లకుంట పక్కగా గోల్నాక వైపు సాగి మూసీలో కలుస్తుంది.

తెలంగాణలో కాకతీయుల కాలం నుంచి బలపడిన గొలుసుకట్టు చెరువుల పద్ధతిలో, పై చెరువు అలుగు నుంచి పొర్లిన నీరు కింది చెరువుకు, అది నిండాక ఆ కింది కుంటకు చేరుతుంది. చెరువు కట్ట, పొలానికి నీరు వదిలే తూము, తూము కింద సాగయ్యే ఆయకట్టు, నీరు నిలిచే శిఖం నేల, పంపకాన్ని చూసే నీరటి అనే ఉద్యోగి, ఇవన్నీ ఒకే ఏర్పాటులోని భాగాలు. శిఖం నేల నీరు తగ్గిన నెలల్లో పశువుల మేతకు, అక్కడక్కడ పైరుకు పనికొచ్చినా, అది చాలా చోట్ల ఎవరి సొంతమూ కాని ఉమ్మడి నేలగా ఉండేది. వాన కాలంలో నీటికి చోటు కావాలి గనుక అక్కడ ఇల్లు కట్టుకోకూడదన్నది ఊరి కట్టుబాటు. కట్టను కాపాడే దేవతగా కట్ట మైసమ్మను కొలవడం ఈ ఏర్పాటుకు మతపరమైన అండ. హుస్సేన్‌సాగర్ దిగువ కట్ట మీద నేటికీ భక్తులతో నిండి ఉండే కట్ట మైసమ్మ గుడి, ఈ పెద్ద చెరువును కూడా పల్లె జనం తమ ఊరి చెరువుగానే భావించారనడానికి నిదర్శనం.

ఊరికి నీరు ఎంత ముఖ్యమో లెక్కలూ అంత ముఖ్యం. నిజాం రాజ్యంలో నగరం చుట్టూ ఉన్న పల్లెల్లో అధికభాగం అత్రాఫ్-ఎ-బల్దా అనే జిల్లా కింద ఉండేది. బల్దా అంటే నగరం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కల ప్రాంతాలు. ఈ జిల్లా ఆదాయం రాజ్య ఖజానాకు కాక నిజాం సొంత ఖర్చుకు చేరేది, అటువంటి భూములను సర్ఫ్-ఎ-ఖాస్ అనేవారు. 1317 ఫసలీలో, అంటే 1907 ప్రాంతంలో వచ్చిన హైదరాబాదు భూమి శిస్తు చట్టం సర్వే నంబర్లకు, గ్రామ పటాలకు స్థిరమైన ఆధారం కల్పించింది. ఫసలీ అనేది పంటల లెక్కను బట్టి నడిచే సంవత్సర మానం, దానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. గ్రామ పటాన్ని నక్షా అంటారు. అందులో ఇళ్లుండే ఆబాది, చెరువు శిఖం, వాగు, బండ్ల బాట వేర్వేరు గుర్తులతో కనిపిస్తాయి. నక్షాలో ఉన్న బాటను ఎవరూ దున్నుకోకూడదన్న నియమాన్ని తెలంగాణ రైతులు నేటికీ ‘నక్షా బాట’ అన్న ఒక్క మాటతో గుర్తు చేస్తారు.

రెండు పట్నాల నడుమ

ఈ పల్లెల గతిని మార్చిన మొదటి మార్పు వాటికి దక్షిణాన, ఉత్తరాన ఏర్పడిన రెండు అధికార కేంద్రాలు. దక్షిణాన, పంతొమ్మిదో శతాబ్దపు తొలి ఏళ్లలో కోఠీలో బ్రిటిష్ రెసిడెన్సీ భవనం లేచి, దాని చుట్టూ రెసిడెన్సీ బజార్లు పెరిగాయి; ఉత్తరాన 1806లో, మూడో అసఫ్ జా సికందర్ జా పేరుతో సికింద్రాబాదు వెలసి బ్రిటిష్ సైన్యానికి స్థావరమయింది. ఒక చోట రెసిడెంటు అనే బ్రిటిష్ రాయబారి, మరొక చోట సైన్యం ఉన్నందువల్ల రెంటి మధ్య మనుషులు, బండ్లు, పాలు, కూరగాయలు, గడ్డి నిత్యం కదులుతూ వచ్చాయి. నడుమ ఉన్న ఊళ్లకు తమ పంటను పట్నానికి తీసుకుపోయే శ్రమ తగ్గింది, అదే సమయంలో పట్నపు అవసరాలకు తగినట్లు తమ పంటను మార్చుకోవలసిన ఒత్తిడి పెరిగింది.

మూసీకి ఉత్తరపు శివార్లను చాదర్‌ఘాట్ పేరుతో వేరే పురపాలక విభాగంగా చూడటం దివాను మొదటి సాలార్‌జంగ్ కాలం నాటి సంస్కరణల నుంచి వస్తున్న ఏర్పాటు. 1933లో చాదర్‌ఘాట్, హైదరాబాదు పురపాలక సంఘాలు ఒక్కటయ్యాయి. నగరానికి నిజమైన విస్తరణ నదికి ఉత్తరానే జరగబోతోందని చాదర్‌ఘాట్ విభాగం పుట్టుకే సూచించింది. 1916లో కాచిగూడ రైల్వే స్టేషను ప్రారంభమై, అక్కడి నుంచి సికింద్రాబాదు వైపు సాగే రైలు మార్గం నల్లకుంటకు తూర్పు అంచుగా నిలిచింది. నేడు విద్యానగర్, జామై ఉస్మానియా అనే స్టేషన్లు ఆ దారి మీదివే.

వరద, మహమ్మారి, కొత్త వాడలు

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద వేలమందిని బలిగొని, నది ఒడ్డున ఇరుకుగా పెరిగిన నగరాన్ని కూల్చివేసింది. ఆ తరువాత కొద్ది కాలానికే ప్లేగు వ్యాపించింది. ఈ రెండు విపత్తులు నగర పాలకుల ఆలోచనను మార్చాయి. వరదను అరికట్టడానికి ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఇరుకు వాడలను తొలగించి గాలి, వెలుతురు, మురుగు కాలువలు ఉన్న కొత్త నివాసాలు ఏర్పరచడానికి 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడింది. అదే దశకంలో లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరాన్ని వీధి వీధిగా, ఇల్లిల్లుగా కొలిచి గీసిన పటాలు, అప్పటి బావులను, తోటలను, గోడలను కూడా నమోదు చేసినందువల్ల, కనుమరుగైన హైదరాబాదును తిరిగి ఊహించుకోవడానికి నేడు పరిశోధకులకు ముఖ్యమైన ఆధారాలయ్యాయి.

నల్లకుంట నగర వాడగా మారడంలో ప్రజారోగ్యానికి ప్రత్యేక స్థానం ఉంది. అంటురోగం సోకినవారిని ఊరికి దూరంగా, విడిగా ఉంచి చికిత్స చేసే క్వారంటైన్ ఆసుపత్రిగా 1910ల్లో మొదలై, తరువాత నల్లకుంటకు తరలివచ్చిన ఫీవర్ ఆసుపత్రిని నగర ప్రజలు తరతరాలుగా ‘కోరంటి దవాఖాన’ అనే పిలుస్తున్నారు. అంటురోగుల ఆసుపత్రికి నల్లకుంటను ఎంచుకోవడం, ఆనాటికి అది జనసమ్మర్దానికి వెలుపల ఉన్న చోటని తెలియజేస్తుంది. మలేరియా దోమల ద్వారా వ్యాపిస్తుందన్న సత్యానికి దారి చూపిన పరిశోధనను 1897లో సికింద్రాబాదులో చేసిన రోనాల్డ్ రాస్ పేరును ఆ ఆసుపత్రి ఇప్పుడు ధరించి ఉంది. మశూచి, కలరా వంటి వ్యాధులు ఊరి మీద పడినప్పుడు పోచమ్మకు, మైసమ్మకు బోనం పెట్టి ఊరు చల్లగా ఉండాలని మొక్కుకున్న పల్లెల మధ్యకే ఆధునిక వైద్యం వచ్చి చేరింది. ఒకటి వచ్చి మరొకదాన్ని తుడిచివేయలేదు. ఆషాఢంలో ఈ వాడల పోచమ్మ గుళ్లకు వేపరెమ్మలతో, దీపంతో బోనాలు నేటికీ సాగుతూనే ఉన్నాయి.

1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి అడిక్‌మెట్ దగ్గర విశాలమైన ప్రాంగణం సిద్ధమై, 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కళాశాల భవనం ప్రారంభమయింది. అధ్యాపకులు, ఉద్యోగులు, గది అద్దెకు తీసుకున్న విద్యార్థులు నల్లకుంట, విద్యానగర్ పరిసరాలకు చేరసాగారు. 1930ల్లో ఆజమాబాద్ పారిశ్రామికవాడ రూపుదిద్దుకోగా, 1930లో కంపెనీగా నమోదైన వజీర్ సుల్తాన్ పొగాకు సంస్థ ముషీరాబాద్ వైపున వేలాది కార్మిక కుటుంబాలకు ఆధారమయింది. ఈ విధంగా ఆసుపత్రి, రైలు, విశ్వవిద్యాలయం, కర్మాగారం అనే నాలుగు ఆధునిక సంస్థలు నాలుగు వైపుల నుంచి వచ్చి, కుంటల పల్లెలను మూడు నాలుగు దశాబ్దాల్లో నగర వాడలుగా మార్చాయి.

చదువుల వాడ

ఈ మార్పులో నారాయణగూడ, చిక్కడపల్లి పొందిన విశిష్టత తెలుగు చదువుకు సంబంధించినది. ఉర్దూ రాజభాషగా, బోధనా భాషగా ఉన్న రాజ్యంలో తెలుగువారి భాషకు చోటు కల్పించాలన్న ప్రయత్నం 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయపు స్థాపనతో వేళ్లూనుకుంది. 1921లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను ఎగతాళి చేసి కూర్చోబెట్టిన సంఘటన తరువాత ఆంధ్ర జనసంఘం ఏర్పడింది. ఆ ఉద్యమానికి పెద్ద దిక్కయిన మాడపాటి హనుమంతరావు 1928లో ఆరంభించిన ఆంధ్ర బాలికా పాఠశాల నారాయణగూడలో స్థిరపడి, తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల విద్య అందించింది. ఇక్కడి విద్యావ్యవస్థలో తెలుగు మాధ్యమానికి గుర్తింపు లేనందువల్ల, పుణెలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయపు పరీక్షలకు పిల్లలను సిద్ధం చేయవలసి వచ్చింది. 1940లో కేశవరావు కొరాట్కర్ స్మారకంగా ఏర్పడిన కేశవ్ మెమోరియల్ పాఠశాల, 1954లో వెలసిన రాజబహదూర్ వెంకటరామారెడ్డి మహిళా కళాశాల ఈ వరుసలోనివే.

చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయం, 1966లో ఏర్పడిన త్యాగరాయ గానసభ, బాగ్ లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఈ ప్రాంతాన్ని పుస్తకాలకు, సభలకు, సంగీత నాటకాలకు నెలవుగా మార్చాయి. గ్రంథాలయపు బల్లల దగ్గర, అశోక్‌నగర్ శిక్షణ కేంద్రాల్లో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న యువతీయువకుల్లో చాలామంది తెలంగాణ, ఆంధ్ర పల్లెల నుంచి వచ్చినవారే. పల్లెగా పుట్టిన చిక్కడపల్లి పల్లె పిల్లలకు నగరద్వారంగా నిలవడం ఈ నేల చరిత్రలో గౌరవించదగిన కొనసాగింపు.

బాటకు చట్టం

ఇంగ్లండు గ్రామసీమల అనుభవం ఇక్కడ పోలికకు పనికొస్తుంది. పద్దెనిమిది, పంతొమ్మిదో శతాబ్దాల్లో అక్కడి ఉమ్మడి భూములను కంచెలు వేసి సొంత ఆస్తులుగా మార్చుకోవడం పెద్దయెత్తున జరిగినప్పుడు, పేదలకు పచ్చిక బయళ్లతో పాటు నడిచే దారులు కూడా పోయాయి. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి, భూస్వాముల నిషేధాన్ని ధిక్కరించి, వందల మంది కార్మిక యువకులు నడిచి వెళ్లారు. వారిలో కొందరు జైలు పాలయ్యారు. ఆ ఉద్యమపు ఒత్తిడి ఫలించి 1949లో జాతీయ ఉద్యానవనాల, గ్రామసీమల ప్రవేశ చట్టం వచ్చింది. దాని ప్రకారం స్థానిక పాలకులు ప్రజలు నడిచే ప్రతి బాటనూ పటం మీదికి ఎక్కించాలి, పటంలో ఎక్కిన బాట మీద నడిచే హక్కు అందరిదీ. ఈ పద్ధతిలో ఇంగ్లండు, వేల్సులలో సుమారు 2 లక్షల 25 వేల కిలోమీటర్ల బాటలు ప్రజల హక్కుగా ఉన్నాయి. విల్ట్‌షైర్‌లోని లాకాక్ అనే పాత గ్రామం 1944లో నేషనల్ ట్రస్ట్ అనే స్వచ్ఛంద సంస్థకు చేరి, ఇళ్లూ వీధులూ చెదరకుండా నిలిచింది. అక్కడి బాటలూ గ్రామాలూ వాటంతట అవే నిలవలేదు. హక్కును పోరాడి సాధించి, దాన్ని పటం మీద రాయించి, ఊరిని కాపాడే సంస్థకు అప్పగించినందువల్ల నిలిచాయి.

తెలంగాణలోనూ బాటను, శిఖాన్ని, వాగును పటం మీద గీసిన సంప్రదాయం ఉంది. అయితే ఊరు నగరంలో కలిసిన నాడు ఊరి నక్షా విలువ కోల్పోయింది. రెవెన్యూ లెక్కల్లోని కుంట పురపాలక లెక్కల్లో ఖాళీ స్థలమయింది. నల్లకుంట పేరులోని కుంట ఇప్పుడు కంటికి కనిపించదు. 2000 ఆగస్టు 24న నగరంలో సుమారు 24 సెంటీమీటర్ల వాన కురిసినప్పుడు, ఇరుకైపోయిన నాలా పొంగి దోమలగూడ, గాంధీనగర్, అశోక్‌నగర్ పరిసరాల్లోని ఇళ్లలోకి నీరు వచ్చింది. నీరు తన పాత దారిని వెతుక్కున్న ఆ రోజు, నీటి చోట ఇల్లు కట్టుకోకూడదన్న పూర్వుల కట్టుబాటులోని వివేకం ఎంత గట్టిదో నగరానికి తెలిసింది.

మిగిలిన గుర్తులు

ఈ ప్రాంతంలో నడిచే చరిత్ర విద్యార్థికి క్రమంగా కొన్ని గుర్తులు దొరుకుతాయి. కట్ట మైసమ్మ గుడి దగ్గర మొదలుపెట్టి నాలా వెంట కిందికి దిగితే, రోడ్డు ఎక్కడ పల్లానికి దిగి ఎక్కడ మెరక ఎక్కుతుందో కాళ్లకే తెలుస్తుంది. తిన్నగా గీసిన కాలనీ వీధుల నడుమ హఠాత్తుగా వంకర తిరిగి ఇరుకయ్యే సందు సాధారణంగా పాత ఊరి బాటో, పొలం గట్టో. వేపచెట్టు కింది పోచమ్మ గుడి చాలా చోట్ల ఒకప్పటి ఊరి అంచు. ఊరు స్థాపించిన నాడు నడిబొడ్డున పాతే రాయిని బొడ్రాయి అంటారు, అది దొరికిన చోట ఊరి కేంద్రం దొరికినట్లే. ఇటువంటి గుర్తులను ఇళ్ల పెద్దల జ్ఞాపకాలతో, మన్ పటాలతో, గ్రామ నక్షాలతో సరిచూసినప్పుడు, శాసనాలు లేని ఊరికి కూడా నమ్మదగిన చరిత్ర రాయవచ్చు.

ఈ పని సాధ్యమేనని పొరుగునే ఉన్న బతుకమ్మకుంట రుజువు చేసింది. పాత రికార్డుల్లో 14 ఎకరాలకు పైగా ఉండి, ఆక్రమణల వల్ల 5 ఎకరాల చిల్లరకు కుదించుకుపోయిన ఈ కుంటను, 2024లో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ 2025లో తవ్వించి తిరిగి నీటితో నింపింది. ఆ ఏడాది బతుకమ్మ పండుగ రోజుల్లోనే దాన్ని ప్రజలకు అంకితం చేశారు. పూల బతుకమ్మను సాగనంపడానికి నీరు కావాలన్న స్త్రీల ఆచారం, వాన నీటికి చోటు కావాలన్న ఇంజనీరు లెక్క, రికార్డుల్లో మిగిలిన సర్వే నంబరు అనే మూడూ అక్కడ ఒక్కచోట కలిశాయి.

చార్మినార్ పరిసరాల్లో వారసత్వ నడకలు జరుగుతున్నట్లే, నల్లకుంట నుంచి నారాయణగూడ మీదుగా చిక్కడపల్లి, అశోక్‌నగర్ దాకా పల్లెల నడకను ఏర్పరచడం, పాత నక్షాలను గ్రంథాలయంలో ప్రజలకు అందుబాటులో ఉంచడం, నాలా ఒడ్డున నడిచే దారిని హక్కుగా గుర్తించడం ఈ తరం చేయగల పనులు. ఇందుకు కావలసిన పుస్తకాలు, విశ్వవిద్యాలయం, చదువుకుంటున్న వేలాది యువత ఈ వాడల్లోనే ఉన్నారు. ఊరి చరిత్రను ఊరివారే నడిచి, అడిగి, కొలిచి, పటం మీద రాసుకున్నప్పుడే తరువాతి తరానికి ఆ నేల మీద, ఆ నీటి మీద హక్కు మిగులుతుంది.